గుండె ఆపరేషన్ తర్వాత: ఐసీయూ రోజులు ఎలా పెరిగాయి, ఎలా తగ్గాయి

గుండె ఆపరేషన్ బాగా జరిగిందని సర్జన్ బయటికొచ్చి చెప్పాక కూడా కొన్ని కుటుంబాలకు ఐసీయూ తలుపు ముందు కాపలా తీరదు. ఒకటి రెండు రోజుల్లో వార్డుకు రావలసిన మనిషి వారం, పది రోజులు, ఒక్కోసారి నెల దాటినా లోపలే ఉండిపోతాడు. ఎన్ని రోజులు దాటితే దాన్ని దీర్ఘకాలం అనాలో వైద్యులే ఒక్క మాట మీద లేరు. కొన్ని అధ్యయనాలు రెండు రోజుల దగ్గర గీత గీశాయి, కొన్ని మూడు రోజుల దగ్గర, మరికొన్ని వారం లేదా రెండు వారాల దగ్గర. ఇలాంటివాళ్లు మొత్తం రోగుల్లో కొద్దిమందే. అయినా గుండె ఐసీయూలో పడకల్లో, నర్సుల శ్రమలో, ఖర్చులో పెద్ద వాటా వాళ్లకే పోతుంది. ఎందుకింత ఆలస్యమని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: జబ్బు ముదిరింది, ఒళ్లు తట్టుకోలేదు. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే నిజం. డెబ్బై ఏళ్ల గుండె శస్త్రచికిత్స చరిత్రను వరసగా చదివితే మిగతా సగం బయటపడుతుంది. ఐసీయూలో గడిచిన రోజుల్లో కొన్నిటిని జబ్బు తెచ్చింది, కొన్నిటిని ఆస్పత్రుల అలవాట్లు తెచ్చాయి. అలవాటు తెచ్చిన రోజులను అలవాటు మార్చి తగ్గించవచ్చని కూడా ఆ చరిత్రే రుజువు చేసింది.

ఐసీయూ, గుండె ఆపరేషన్ దాదాపు కవలపిల్లలు. 1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌ను పోలియో కుదిపేసింది. శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులు బ్లెగ్డమ్ ఆస్పత్రికి వరదలా వచ్చారు. అప్పటికి అందుబాటులో ఉన్న ఇనుప ఊపిరితిత్తుల పెట్టెలు చాలలేదు, ఉన్నవాటితో ఫలితమూ అంతంతమాత్రమే. తొలి మూడు వారాల్లో అలాంటి చికిత్స పొందిన 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఆపరేషన్ థియేటర్లో తాను రోజూ చేసే పనినే వార్డుకు తెచ్చాడు. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కి గాలిని లోపలికి పంపాడు. యంత్రాలు లేవు కాబట్టి సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు కూర్చుని ఆ సంచులు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ అనుభవంతోనే ఇబ్సెన్ 1953 డిసెంబరులో అదే నగరంలో ప్రత్యేక వార్డు తెరిచాడు. ఆధునిక ఐసీయూకు అది ఆరంభం. అదే ఏడాది మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్‌లంగ్ యంత్రం సాయంతో పద్ధెనిమిదేళ్ల అమ్మాయి గుండెలోని రంధ్రాన్ని మూశాడు. ఈ రెండు పాయలూ కలవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఐసీయూ పుట్టినప్పుడు అందులో ప్రధానంగా ఉన్నవి యంత్రాలు కావు, పడక పక్కన విడవకుండా కూర్చున్న మనుషులు.

తొలినాటి గుండె సర్జన్లు త్వరలోనే ఒక చేదు నిజం తెలుసుకున్నారు. టేబుల్ మీద గెలిచిన యుద్ధాన్ని పడక మీద ఓడిపోవచ్చు. 1954 మార్చి 26న మిన్నెసోటాలో వాల్టన్ లిల్లిహై ఒక పసివాడి రక్తప్రసరణను వాడి తండ్రి శరీరానికి కలిపి, తండ్రి గుండె, ఊపిరితిత్తుల ఆసరాతో బిడ్డ గుండెలోని రంధ్రాన్ని మూశాడు. ఆపరేషన్ ఫలించింది, కానీ పదకొండు రోజులకు ఆ పిల్లవాణ్ణి న్యుమోనియా తీసుకుపోయింది. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో మొదటిసారి మనిషి గుండెను మరో మనిషికి మార్చాడు. ఆ గుండె బాగానే కొట్టుకుంది. రోగి లూయీ వాష్కాన్స్కీ మాత్రం 18 రోజులకు, అదీ న్యుమోనియాతోనే, కన్నుమూశాడు. గంటల సేపు హార్ట్‌లంగ్ యంత్రపు పంపు మీద నడిచిన రక్తం ఒంట్లో వాపు రేపుతుంది. ఆపి, చల్లబరిచి, మళ్లీ నడిపించిన గుండె కొన్ని గంటలు నీరసిస్తుంది. మూత్రపిండాలు మొరాయించవచ్చు, రక్తస్రావం ఆగకపోవచ్చు, లయ తప్పవచ్చు. కాబట్టి తొలి గంటల్లో కంటికి రెప్పలా కాయడం అవసరమే. జాన్ కిర్క్‌లిన్ 1966లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌కు మారాక తన బృందంతో గుండె రోగుల రక్తపోటునూ, ఛాతీ గొట్టాల్లోంచి పోయే రక్తాన్నీ కంప్యూటరుతో కొలిచి, దాన్నిబట్టి రక్తం ఎక్కించే ఏర్పాటు చేశాడు. ఆ యంత్రాలు కాపాడిన ప్రాణాలు లెక్కలేనన్ని. ఈ వ్యాసం వాటికి వ్యతిరేకం కాదు. అవసరమైన కాపలా ఎక్కడ ముగిసింది, అనవసరమైన అలవాటు ఎక్కడ మొదలైంది అన్నదే నా ప్రశ్న.

ఆ గీత చెరిగిన చోటు మత్తుమందు. 1969లో బోస్టన్ మత్తువైద్యుడు ఎడ్వర్డ్ లోవెన్‌స్టైన్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన పరిశోధన ప్రచురించారు. కవాటాలు బాగా చెడి, ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ మీద ఉన్న రోగులకు పెద్ద మోతాదుల్లో మార్ఫిన్ ఇచ్చినా గుండె కుంగిపోవడం లేదని వాళ్లు గమనించారు. అలాంటప్పుడు ఆపరేషన్‌కే ఆ మందు ఎందుకు వాడకూడదన్న ఆలోచన అక్కడి నుంచి పుట్టింది. 1978లో థియోడర్ స్టాన్లీ బృందం ఫెంటానిల్‌తో అదే దారిలో ఇంకా ముందుకు వెళ్లింది. బలహీనమైన గుండెకు ఆ పద్ధతి నిజంగా మేలు చేసింది. దానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, అంత మోతాదు ఒంట్లో ఉండగా రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. రాత్రంతా, ఒక్కోసారి మర్నాటి దాకా వెంటిలేటర్ మీద ఉండాల్సిందే. దాంతో రాత్రంతా నిద్రలో ఉంచడం గుండె ఆపరేషన్ సహజ లక్షణమన్న నమ్మకం ఒక తరం వైద్యుల్లో స్థిరపడింది. గుండెకు విశ్రాంతి కావాలి, కదిలితే ప్రమాదం, ఉదయం చూద్దాం అన్న మాటలు పాఠాలుగా మారాయి. బలహీనమైన గుండె కోసం పుట్టిన జాగ్రత్త గట్టి గుండెలకూ వర్తించింది. ఒక మందు గుణం కొన్నాళ్లకు ఒక జబ్బు లక్షణంగా చెలామణీ అయింది. ఐసీయూ రోజుల్లో అలవాటు వాటా ఎలా పుడుతుందో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించదు.

హెచ్చరిక మాత్రం ఇంకా ముందే వచ్చింది. 1965లో న్యూయార్క్‌కు చెందిన మనోవైద్యుడు డోనల్డ్ కార్న్‌ఫెల్డ్ బృందం ఓపెన్‌హార్ట్ ఆపరేషన్ అయిన పెద్దవాళ్లను పరిశీలించింది. మూడింట ఒక వంతుకు పైగా రోగులు సంధి పుట్టినట్టు ప్రవర్తించారు. మెలకువ వచ్చాక కొద్ది రోజులు బాగానే ఉండి, ఆ తర్వాత గోడలు కదులుతున్నట్టు, ఎవరో హాని తలపెట్టినట్టు భ్రమపడ్డారు. వార్డుకు మారి కంటినిండా నిద్రపోయాక చాలామంది తేరుకున్నారు. కార్న్‌ఫెల్డ్ బృందం దీనికి పంపునూ, ముదిరిన జబ్బునూ మాత్రమే కారణంగా చూపి ఊరుకోలేదు. యంత్రాల ఏకధాటి చప్పుడు, కదలనివ్వని తీగలు, పగలో రాత్రో తెలియని వెలుతురు, గంటగంటకూ చెడే నిద్ర వీటన్నిటినీ కారణాల్లో చేర్చింది. నిద్ర చెడగొట్టకండి, చప్పుడు చేసే పరికరాలను గది బయట పెట్టండి, గడియారమూ కిటికీ ఉంచండి అని సూచించింది. 1972లో విల్సన్ అనే వైద్యుడు కిటికీలున్న ఐసీయూ రోగులనూ కిటికీల్లేని ఐసీయూ రోగులనూ పోల్చి చూశాడు. కిటికీల్లేని చోట మతి చెదిరినవాళ్లు రెట్టింపుకు పైగా తేలారు. అంటే చికిత్స జరిగే గదే రోగాన్ని పెంచగలదని యాభై ఏళ్ల కిందటే తెలుసు. మతి చెదిరిన రోగి గొట్టాలు లాగేస్తాడు, దాంతో చేతులు కట్టి మరింత మత్తు ఇస్తారు, వెంటిలేటర్ రోజులు పెరుగుతాయి. తెలిసిన ఈ సంగతి ఆస్పత్రుల నిర్మాణంలోకి, దినచర్యలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. యంత్రం కొనడానికి బడ్జెట్లో పద్దు ఉంటుంది, నిద్రకు పద్దు ఉండదు.

ఈలోగా బతికించే సామర్థ్యం వేగంగా పెరిగింది. 1967లో ఆడ్రియన్ కాంట్రోవిట్జ్ బృహద్ధమనిలో బెలూన్ పంపు పెట్టి షాక్‌లో ఉన్న గుండెకు ఆసరా ఇచ్చాడు. 1971లో డోనల్డ్ హిల్ బృందం ఒంటి బయట రక్తానికి ప్రాణవాయువు కలిపే యంత్రాన్ని, అంటే ఇప్పుడు ఎక్మో అంటున్న దాన్ని, రోజుల తరబడి నడిపి ఒక యువకుణ్ణి బతికించింది. 1982 డిసెంబరు 2న యూటాలో దంతవైద్యుడు బార్నీ క్లార్క్‌కు శాశ్వతంగా ఉంచాలన్న ఉద్దేశంతో కృత్రిమ గుండె అమర్చారు. ఆయన 112 రోజులు బతికాడు, కానీ ఆస్పత్రి గడప దాటలేదు. మూర్ఛలు, రక్తస్రావం, మతి తప్పడం, ఊపిరి కష్టాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చావకుండా ఆపడానికీ కోలుకోవడానికీ మధ్య ఎంత దూరముందో ఆ 112 రోజులు లోకానికి చూపాయి. 1984లో కెనడా నరాల వైద్యుడు చార్ల్స్ బోల్టన్ తీవ్ర జబ్బుతో ఐసీయూలో ఉన్నవాళ్లకు నరాలే దెబ్బతిని వెంటిలేటర్ వదలలేకపోతున్నారని వివరించాడు. ఆ మరుసటి ఏడాదే జిరార్డ్, రఫిన్ అనే ఇద్దరు వైద్యులు, గండం గడిచినా యంత్రం వదలలేని ఈ రోగులకు దీర్ఘకాలిక విషమ రోగులని పేరు పెట్టారు. ఐసీయూ అప్పటికి కొత్త రకం రోగిని సృష్టించింది. గుండె బాగయింది, కానీ నిలబడే శక్తి లేదు. దగ్గే బలం లేక న్యుమోనియా, న్యుమోనియా వల్ల వెంటిలేటర్, వెంటిలేటర్ కోసం మత్తు, మత్తు వల్ల మరింత నీరసం. ఈ గొలుసులో మొదటి లింకు జబ్బు వేసినదే కావచ్చు. తర్వాతి లింకుల్లో కొన్ని మాత్రం మనం వేసినవే.

మలుపు 1990 దశకంలో వచ్చింది. టొరంటోలో డేవీ చెంగ్ బృందం బైపాస్ రోగులను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు మత్తు తక్కువగా ఇచ్చి కొద్ది గంటల్లోనే ట్యూబు తీసింది. రెండో జట్టును పాత పద్ధతిలో మర్నాటి దాకా ఉంచింది. 1996లో వెలువడిన ఫలితాల ప్రకారం త్వరగా ట్యూబు తీసినవాళ్లకు గుండెకు అదనపు హాని జరగలేదు, ఐసీయూలో గడిపే సమయం తగ్గింది. తర్వాత అలాంటి పరీక్షలెన్నిటినో కలిపి చూసిన సమీక్షలు కూడా, ప్రమాదం తక్కువగా ఉన్న రోగుల్లో మరణాలు పెరగలేదనీ, వెంటిలేటర్ గంటలూ ఐసీయూ గంటలూ తగ్గాయనీ తేల్చాయి. మొత్తం ఆస్పత్రి రోజులు మాత్రం పెద్దగా తగ్గలేదని కూడా అవే సమీక్షలు చెప్పాయి. ఆ మాటను దాచనక్కర్లేదు. నా వాదనకు కావలసింది ఇంతే: గుండె ఆపరేషన్‌కు రాత్రంతా వెంటిలేటర్ తప్పదని ఇరవై ఏళ్లు నమ్మిన మాట చాలామంది రోగుల విషయంలో నిలవలేదు.

ఎక్కువ రోజులు ఉండిపోయేవారి విషయంలోనూ ఇలాంటి సాక్ష్యమే ఉంది. 2000లో షికాగోలో జాన్ క్రెస్ బృందం వెంటిలేటర్ మీద ఉన్న 128 మంది మీద ఒక చిన్న మార్పును పరీక్షించింది. రోజుకోసారి మత్తు ఆపి రోగిని మేలుకోనిచ్చారు. వెంటిలేటర్ మీద గడిపిన కాలం మధ్యస్థంగా 7.3 రోజుల నుంచి 4.9కి, ఐసీయూ కాలం 9.9 రోజుల నుంచి 6.4కి తగ్గింది. 2009లో విలియం ష్వైకర్ట్ బృందం 104 మందిని పరీక్షించింది. మత్తు ఆపిన వేళల్లోనే వ్యాయామం చేయించి, కూర్చోబెట్టి, నిలబెట్టిన జట్టులో 59 శాతం మంది ఆస్పత్రి విడిచేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. మామూలు సేవ పొందిన జట్టులో ఆ స్థితికి చేరినవాళ్లు 35 శాతమే. వీళ్లు గుండె ఆపరేషన్ రోగులు కారు, ఇతర తీవ్ర జబ్బులతో వచ్చినవాళ్లు. కాబట్టి ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు గుండె వార్డుకు మోసుకురాకూడదు. కానీ మత్తు, నీరసం, మతి చెదరడం పెనవేసుకునే తీరు రెండు చోట్లా ఒకటే. అందుకే గుండె ఐసీయూలు కూడా ఆ పాఠాన్ని తీసుకున్నాయి. 2003లో మార్గరెట్ హెరిడ్జ్ బృందం తీవ్రమైన ఊపిరితిత్తుల వైఫల్యం నుంచి బయటపడినవాళ్లను ఏడాది పాటు గమనించింది. ఊపిరితిత్తులు చాలావరకు కోలుకున్నా కండరాల నీరసం వాళ్లను వదల్లేదు. ఐసీయూ నుంచి బయటికి రావడమే కోలుకోవడం కాదని వైద్యలోకం ఒప్పుకున్నది ఆ తర్వాతే.

ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఇవాళ ఆపరేషన్ టేబుల్ మీదికి వచ్చేవాళ్లు అప్పటివాళ్లకన్నా ఎంతో జబ్బుపడ్డవాళ్లు. 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ మొదలుపెట్టిన బెలూన్ యాంజియోప్లాస్టీ, తర్వాత వచ్చిన స్టెంట్లు సులువైన కేసులను చాలావరకు తీసుకుపోయాయి. సర్జన్‌కు మిగిలేది మూడు నాళాలూ మూసుకుపోయినవాళ్లు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, వృద్ధులు, రెండోసారి ఛాతీ తెరవాల్సినవాళ్లు. వీళ్లలో దీర్ఘకాలపు బస ఎక్కువ కావడం శస్త్రచికిత్స సాహసానికి ఫలితమే తప్ప ఆస్పత్రి తప్పు కాదంటారు. ఈ మాటలో సత్యముంది. పక్షవాతం వచ్చినవాడికి, డయాలిసిస్ మీద ఉన్నవాడికి, రొమ్ము ఎముక దగ్గర చీము పట్టినవాడికి కిటికీ తెరిచి నడిపిస్తే రోగం పోదు. కానీ ఈ ఆక్షేపణ నా వాదనను కొట్టెయ్యదు, ఇంకా అవసరం చేస్తుంది. ఒంట్లో సత్తువ తక్కువగా ఉన్నవాడికే అదనపు మత్తు, అదనపు నిద్రలేమి, అదనంగా మంచం పట్టడం ఎక్కువ నష్టం చేస్తాయి. జబ్బు తెచ్చే రోజులను మనం పూర్తిగా ఆపలేం. కాబట్టే మన చేతిలో ఉన్న రోజుల మీద పట్టు వదలకూడదు.

రెండో ఆక్షేపణ డబ్బుకు సంబంధించినది. త్వరగా ట్యూబు తీయడం వైద్యం కోసం కాదు, ఖర్చు తగ్గించడానికే పుట్టిందంటారు. 1990ల్లో ఉత్తర అమెరికా ఆస్పత్రులను అటు తోసినది చాలావరకు ఖర్చేనన్నది నిజం, టొరంటో పరిశోధన కూడా ఖర్చును లెక్కకట్టింది. అయితే ఒక పద్ధతి ఎందుకు పుట్టిందన్నది వేరు, పరీక్షకు నిలిచిందా లేదా అన్నది వేరు. ఆ పద్ధతి పరీక్షకు నిలిచింది. ఈ ఆక్షేపణ నుంచి నేర్చుకోవలసింది మరొకటుంది. రోజులు తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకుంటే కోలుకోని మనిషిని వార్డుకు తోసి, మళ్లీ ఐసీయూకు తెచ్చుకునే ప్రమాదముంది. రోగి మేలుకున్నాడా, కూర్చున్నాడా, నిద్రపోయాడా అన్నవి లక్ష్యాలు కావాలి. అవి నెరవేరితే రోజులు వాటంతటవే తగ్గుతాయి.

మన దేశానికి ఈ చరిత్ర కాస్త ఆలస్యంగా చేరింది. 1960ల మొదట్లో వెల్లూరు సీఎంసీలో ఓపెన్‌హార్ట్ ఆపరేషన్లు మొదలయ్యాయి. 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో కె.ఎం. చెరియన్ దేశంలో తొలి బైపాస్ చేశారు. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారు. 1991 నవంబరులో పుట్టపర్తిలో ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే ఆస్పత్రి తెరిచారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం గుండె ఆపరేషన్‌ను పేదవాడి గడపకు తెచ్చింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ మన దగ్గర చెల్లింపు పద్ధతులు రెండూ ఈ సమస్యను పక్కదారి పట్టిస్తాయి. ఆపరేషన్‌కు ఇంతని ముందే కట్టిన ప్యాకేజీలో అదనపు రోజు ఆస్పత్రికి నష్టం. చేతి నుంచి డబ్బు కట్టే చోట అదే అదనపు రోజు కుటుంబానికి అప్పు. రోగిని మేల్కొలిపి నడిపించే ఫిజియోథెరపిస్టుకూ, రాత్రి పడక పక్కన నిలిచే అదనపు నర్సుకూ రెంటిలోనూ విడిగా విలువ లేదు. నర్సులు చాలనప్పుడు రోగి మేలుకుంటే గొట్టాలు లాగేస్తాడు, మత్తే భద్రం అని కొందరంటారు. ఉన్న పరిస్థితుల్లో అది నిజాయితీ గల జవాబే. కానీ కోపెన్‌హేగన్‌లో యంత్రాలు చాలనప్పుడు మనుషులను పోగుచేశారు. మనుషులు చాలరని మందు పోయడం ఐసీయూ పుట్టుకకే విరుద్ధం. అంటువ్యాధుల భయంతో బంధువులను పూర్తిగా బయటే ఉంచాలన్న వాదన కూడా అంతే. చేతులు కడిగించి, వేళలు పెట్టి, ఒక్కొక్కరినే పంపితే తెలిసిన గొంతు వినడం రోగి మతి నిలబడడానికి సాయపడుతుంది. స్కాండినేవియా దేశాల నర్సులు ఇంకో అడుగు వేసి, రోగి స్పృహలో లేని రోజుల గురించి అతనికోసం డైరీ రాసే ఆచారం తెచ్చారు. దానివల్ల తర్వాతి కాలంలో మానసిక గాయం తగ్గుతుందని 2010లో క్రిస్టీనా జోన్స్ బృందం పరీక్షించి చూపింది. ఆ ఆచారానికి యంత్రం అక్కర్లేదు. ఒక పుస్తకం, ఒక కలం, రాసే తీరిక చాలు.

కొన్ని బసలు ఎంత శ్రద్ధ పెట్టినా కోలుకోవడానికి దారి తీయవన్నదీ ఒప్పుకోవాలి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, ముందస్తు వైద్య నిర్దేశాలకు చట్టబద్ధత ఇచ్చింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సులభతరం చేసింది. ఫలానా రోజుల దాకా ప్రయత్నిద్దాం, ఫలానా మెరుగుదల కనబడకపోతే మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం అని మొదటి వారంలోనే కుటుంబంతో చెప్పుకుంటే, బార్నీ క్లార్క్ 112 రోజుల వంటి బాధను కొందరికైనా తప్పించవచ్చు. దీన్ని చేతులెత్తేయడం అనుకోకూడదు. ఎంత ప్రయత్నించాలో తెలిసి ప్రయత్నించడమే ఇది.

గుండె ఐసీయూ చరిత్ర చెప్పే తీర్పు నా దృష్టిలో స్పష్టం. యంత్రాలు ప్రాణం నిలబెట్టాయి. ఆ ప్రాణాన్ని ఇంటికి చేర్చినవి నిద్ర, మెలకువ, కదలిక, మనిషి తోడు. ఈ రెండో జాబితాలో ఉన్నవన్నీ 1965 నుంచి 2010 మధ్యే తేలిపోయాయి. కనిపెట్టవలసింది ఏదీ మిగల్లేదు, అమలు చేయవలసిందే మిగిలింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు గుండె ఆపరేషన్ ప్యాకేజీల్లో నర్సు గంటలనూ ఫిజియోథెరపీనీ విడి పద్దుగా చేర్చాలి. కొత్త ఐసీయూ కట్టే ప్రతి యాజమాన్యం పడక పడకకూ పగటి వెలుతురు పడేలా కట్టాలి. మీవాళ్లు ఎవరైనా గుండె ఆపరేషన్ తర్వాత లోపల రోజులు గడుపుతుంటే బీపీ ఎంత, ఆక్సిజన్ ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఈ రోజు మత్తు తగ్గించారా, రాత్రి నిద్రపోనిచ్చారా, కూర్చోబెట్టారా, మేము ఎప్పుడు చూడవచ్చు అని రోజూ మర్యాదగా, విడవకుండా అడగండి.